మాస్టారికి పూలు కట్టడం నేర్పిన ఏడాది

మొన్న ఆదివారం మా మాస్టారు కాసేపు చనిపోయారు.

మా బీఈడీ బ్యాచ్ వాట్సాప్ గ్రూపులో ఎవరో ఆయన ఫొటో పెట్టారు. మెళ్ళో పెద్ద బంతిపూల దండ, మూసిన కళ్ళు. కింద ఒక్క ముక్క రాయలేదు ఆ పెట్టిన మహానుభావుడు. మా బ్యాచ్‌లో ఒకావిడ ఉంది, బస్సు ఆగకముందే దిగిపోయే రకం. ఆవిడ వెంటనే 'ఓం శాంతి' అనేసింది. ఇంకేముంది, దాని కింద దండాల బొమ్మలు, కన్నీళ్ళ బొమ్మలు, 'తీరని లోటు', 'ఒక శకం ముగిసింది' అంటూ వరసపెట్టి వచ్చిపడ్డాయి. అందరం టీచర్లమే. పరీక్షలో పక్కవాడి పేపర్లోకి తొంగిచూస్తే చెవి మెలిపెట్టేవాళ్ళమే. ఒక్కరంటే ఒక్కరం ఏమైంది, ఎప్పుడు, నీకెవరు చెప్పారు అని అడిగిన పాపాన పోలేదు. నేనూ అడగలేదు. గోపాలపట్నంలో మా వంటింట్లో పొయ్యి మీద పప్పు మాడిపోతుంటే, స్టవ్ కట్టాలని కూడా తోచక ఫోను పట్టుకుని నిలబడిపోయాను.

కాసేపటికి గ్రూపులో ఒక వాయిస్ మెసేజ్ పడింది. ఆ గొంతు మాస్టారిదే.

"ఏటర్రా ఇది? రిటైరైనోళ్ళ సంగమోళ్ళు నిన్న సన్మానం సేసి దండేసేరు. ఆ ఫొటో తీసినోడు నాను కన్ను మూసినప్పుడే నొక్కీసేడు. నాను బానే ఉన్నాను. ఇప్పుడే పెసరట్టు తిన్నాను." కొంచెం ఆగి మళ్ళీ, "తీరని లోటు అన్నోడెవుడ్రా? ఆడు నా కలాసుకి సగం రోజులు రానేదు."

నవ్వాను, ఏడ్చాను. మాడు వాసనకి మా ఆయన వంటింట్లోకొచ్చి ఏమైందని అడిగితే, మా మాస్టారు బతికారని చెప్పాను. ఆయనకేం అర్థమైందో గానీ కిటికీ తలుపు తీసి వెళ్ళిపోయారు. గుండెల మీంచి రోలు దింపినట్టయింది నాకు. సరే, మనిషి పోయాక రాసే మాటలేవో మనిషి ఉండగానే రాసేద్దాం, తప్పులుంటే ఆయనే దిద్దుకుంటారని ఇలా కూర్చున్నాను. పేరు మాత్రం రాయను. రాస్తే ఫోన్ చేసి తిడతారు.

పోయారనుకున్న ఆ కాసేపట్లో నాకు గుర్తొచ్చింది ఆయన డిగ్రీలూ కాదు, ఉద్యోగమూ కాదు. చెవి మీద చాక్‌పీసు. వడ్రంగులు పెన్సిల్ పెట్టుకున్నట్టు ఆయన చెవి మీద చాక్‌పీసు పెట్టుకునేవారు. అలాగే సిటీ బస్సెక్కేవారు, అలాగే ఇంటికెళ్ళేవారు. పొట్టి మనిషి, బట్టతల. తెగని ఆలోచన ఏదైనా వస్తే ఎడం అరచేత్తో ఆ బట్టతల గుండ్రంగా రుద్దుకునేవారు. మేం దాన్ని 'మాస్టారు చట్నీ రుబ్బుతున్నారు' అనేవాళ్ళం. ఆ రుబ్బడం అయ్యాక వచ్చే మాట ఎవరి నెత్తిన పడుతుందోనని అందరం తలలు దించుకునేవాళ్ళం.

మాకు ఆయన చెప్పే పాఠం విద్యా మనోవిజ్ఞానం. మనుషులు ఎలా నేర్చుకుంటారన్నది సబ్జెక్టు. లావుపాటి పుస్తకం తెచ్చేవారు, బల్ల మీద పెట్టేవారు, తెరిచేవారు కాదు. గంట కొడితే నోరూరే కుక్క, బోనులో కొట్టుకునే పిల్లి, మీట నొక్కే ఎలక, అరటిపండు కోసం పెట్టె మీద పెట్టె పేర్చే కోతి, వీటన్నిటినీ గబగబా రెండు క్లాసుల్లో ఊదేశారు. "ఈటితో పరీచ్చ రాసీగలరు. రేపట్నుంచి మనుసుల ఊసు సూద్దాం," అన్నారు.

ఆయన మాట అలాగే ఉండేది. పై అధికారులొస్తే నిప్పులాంటి ఇంగ్లీషు మాట్లాడేవారు. మా దగ్గర మాత్రం అచ్చం ఊరి మాట. మాలో కొంతమంది నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వేవాళ్ళు. మా నాన్నగారు గోదావరి జిల్లా నుంచి పోర్టులో ఉద్యోగానికి వచ్చి ఇక్కడే ఉండిపోయిన మనిషి. మా ఇంట్లో మాటకి ముందు 'ఆయ్', మాటకి చివర 'అండి'. నేనూ మొదట్లో నవ్వినదాన్నే. ఒకరోజు ఆయన నన్ను లేపి, "గోదారమ్మా, నా మాటకి నవ్వొత్తందా? నవ్వు, పరవానేదు. నాను పెద్దోణ్ణి, తట్టుకుంటాను. రేపు మల్కాపురంలో తొమ్మిదో తరగతి గుంట నీతో ఇలగే మాటాడతాది. దాని ముందర నవ్వేవనుకో, అది మరి నోరిప్పదు. ఇస్కూలంటే మన మాట దాసుకునీ సోటని నేర్సుకుంటాది. ఆ పాఠం ఒక్క రోజులో వచ్చీసి జన్మలో పోదు," అన్నారు. అప్పట్నుంచి నన్ను గోదారమ్మా అనే పిలిచేవారు. నేను ఆయ్ అనడం మానలేదు, ఆయన వెక్కిరించడం మానలేదు.

ఇంకో అలవాటుండేది. ఏడాదికొకటి తనకి బొత్తిగా చేతకాని పని నేర్చుకునేవారు. ఒక ఏడాది హార్మోనియం. పక్కవాటా వాళ్ళు ఇల్లు ఖాళీ చేసి వెళ్ళిపోయాక ఆపేశారట. ఇంకో ఏడాది ఈత. చిన్నపిల్లల వైపు, బొడ్డు లోతు నీళ్ళలో, నడుముకి ట్యూబు కట్టుకుని తన్నుకునేవారట. మా సీనియర్లు గోడ ఎక్కి చూసి వచ్చారు. ఏదీ పూర్తిగా వచ్చిన దాఖలా లేదు. ఎందుకండీ మీకీ అవస్థ అని అడిగితే, "నేర్సుకోడం ఎంత సిగ్గుగుంటాదో టీచరయ్యేక మర్సిపోతాం. మర్సిపోయి గుంటల్ని తిడతాం. అందుకే ఏడాదికోపాలి నాను ఎదవనైపోతాను," అనేవారు.

ఆయన అందరికీ నచ్చేవారనుకోకండి. మా బ్యాచ్‌లో డిగ్రీలో మెడల్ తెచ్చుకున్నాయన ఉండేవాడు. అతను చెయ్యెత్తితే మాస్టారు అటు చూసేవారు కాదు. "నీకు తెల్సు. నీకు తెల్సని మాకందరికీ తెల్సు. కూకో," అనేవారు. పాపం అతను ఏడాదంతా కూర్చునే ఉన్నాడు. అది అన్యాయమేనని నేనిప్పటికీ అంటాను.

ఇక నా గోల. నేను ఫైనల్ లెసన్‌లో ఫెయిలైనదాన్ని.

బీఈడీ తెలియని వాళ్ళకి ఇది చెప్పాలి. మాకు చివర్లో పరీక్షేమిటంటే, ఒక స్కూల్లో నిజం క్లాసులో నిజం పిల్లలకి ఒక పాఠం చెప్పి చూపించాలి. బయటి నుంచి ఒక ఎగ్జామినర్ వస్తాడు, మన లెక్చరర్ ఒకాయన కూర్చుంటాడు. చార్టులు పట్టుకెళ్తాం, థర్మోకోల్ బొమ్మలు పట్టుకెళ్తాం, పిల్లలకి ముందురోజే బిస్కెట్లు పంచి మంచి చేసుకుంటాం. ఎవరూ ఫెయిలవ్వరు. అందులో ఫెయిలవ్వడమంటే పెళ్ళికి వెళ్ళి పస్తుండి రావడం లాంటిది. అలాంటిది నేను ఫెయిలయ్యాను. 'పిల్లల నుండి ప్రతిస్పందన శూన్యం' అని రాశాడు ఆ ఎగ్జామినర్. మళ్ళీ ఏడాది ఇంకొక్క అవకాశం ఇస్తామని, అదీ పోతే ఇక లేదని కాలేజీ వాళ్ళు చెప్పేశారు. అంతకుముందు నేను పాఠాలు చెప్పిన కాన్వెంటు వాళ్ళు బీఈడీ లేకపోతే మళ్ళీ తీసుకోబోమన్నారు. టీచరు తప్ప ఇంకోటి అవ్వాలని నాకు ఊహ తెలిసినప్పట్నుంచీ లేదు. అది పోతే నేనేమిటో నాకే తెలీదు. 

అలా రెండో ఏడాది ప్రాక్టీసుకి నేను మాస్టారి బ్యాచ్‌లో పడ్డాను. మల్కాపురంలో ఒక హైస్కూల్లో మాకు ప్రాక్టీసు. గాలి ఇటు తిరిగితే రిఫైనరీ వాసన, అటు తిరిగితే చేపల వాసన. పోర్టు కూలీల పిల్లలు, రిఫైనరీలో కాంట్రాక్టు పనివాళ్ళ పిల్లలు, చేపల వేటకెళ్ళే ఇళ్ళ పిల్లలు. మాస్టారు చివరి బెంచీలో పిల్లల మధ్య ఇరుక్కుని కూర్చునేవారు, మోకాళ్ళు గడ్డానికి తగులుతూ. నా మొదటి పాఠం అయ్యాక వరండాలోకి పిలిచారు. తల రుద్దుకున్నారు. నా పని అయిపోయిందనుకున్నాను.

"పెస్న అడిగేవు. బాగుంది. ఆన్సరు ఎవులు సెప్పేరు?"

"నేనేనండీ."

"రెండోది?"

"ఆయ్... అదీ నేనేనండీ."

"మరి గుంటలెందుకమ్మా మద్దెలో? ఆళ్ళనింటికి పంపీ. నువ్వు అడుగు, నువ్వే సెప్పు, నువ్వే సబాస్ అనుకో."

నాకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. ఎందుకలా చేస్తానో చెప్పాను. చిన్నప్పుడు పోర్టు క్వార్టర్స్‌లో మా ఇంటి తలుపులకి పాఠాలు చెప్పేదాన్ని. తలుపులు జవాబు చెప్పవు కదా, నేనే చెప్పేసేదాన్ని. ఇప్పుడు క్లాసులో ప్రశ్న అడిగాక ఆ నిశ్శబ్దం వస్తే నాకు చెమటలు పడతాయి. ఇక ఎవరూ చెప్పరు, ఎగ్జామినర్ చూస్తున్నాడు, అంతా అయిపోయింది అనిపిస్తుంది. నోట్లో జవాబు ఉంటుంది, ఉమ్మేసినట్టు బయటికొచ్చేస్తుంది.

ఆయన అంతా విని బస్సెక్కేశారు. మర్నాడు కాలేజీకి ఒక అరిటాకు పొట్లం తెచ్చారు. పొద్దున్నే పూర్ణా మార్కెట్‌కి వెళ్ళి తెచ్చిన మల్లెమొగ్గలు, ఒక దారం ఉండ.

"నీకు పూలు కట్టడం వచ్చునా?"

"వచ్చండీ."

"నాకు రాదు. నేర్పు. ఈ ఏడు నా ఎదవతనం ఇదే."

మధ్యాహ్నం భోజనాలయ్యాక వరండాలో చాప మీద ఎదురెదురుగా కూర్చున్నాం. ఇందులో నేర్పడానికేముంది అనుకున్నాను. "ఇలా రెండు మొగ్గలు ఇటు, రెండు అటు. దారం ఇలా చుట్టాలి, వేలితో ఇలా మెలేసి ఇందులోంచి కాడలు దూర్చి లాగడం. అంతేనండీ," అన్నాను. ఆయన చుట్టారు, మెలేశారు, లాగారు. మొగ్గలన్నీ ఒళ్ళో రాలిపోయాయి. మళ్ళీ చేశారు. దారం చిక్కుపడింది. "ఇలా ఇవ్వండి మాస్టారూ," అని లాక్కుని ఒక ముడి వేసి ఇచ్చాను. ఆయన ఇంకోటి వేశారు, అది ఊడింది. "ఇలా ఇవ్వండి," అని మళ్ళీ లాక్కున్నాను. బెల్లు కొట్టేసరికి మూరెడు దండ తయారైంది, చక్కగా ఉంది. ఆయన దాన్ని అటూ ఇటూ తిప్పి చూశారు.

"బాగుంది. ఎవులు కట్టేరు?"

నేను మిగిలిన దారం ఉండ చుట్టడం మొదలుపెట్టాను.

"నానేటి నేర్సుకున్నాను? సూడ్డం నేర్సుకున్నాను. అది నాకు ముందే వచ్చు." దండ నా చేతిలో పెట్టేసి వెళ్ళిపోయారు.

మర్నాటి నుంచి కొత్త నియమం. నేను నా రెండు చేతుల మీదా కూర్చోవాలి. నిజంగానే, అరచేతులు కింద పెట్టుకుని, వాటి మీద. నోటితో చెప్పాలి తప్ప చెయ్యి బయటికి రాకూడదు. అబ్బ, ఆ నరకం ఎవరికి చెప్పను. ఆయన వేళ్ళు అరటిబోదెల్లా దారంలో ఇరుక్కుంటుంటే నా చేతులు కింద గిలగిల్లాడేవి. నోటితో చెబుదామంటే మాట రాదు. అమ్మ చూపించగా చూసి ఎప్పుడో నేర్చుకున్న పని, నా వేళ్ళకి తెలుసు గానీ నాకు తెలీదు. బొటనవేలు ఎక్కడుంటుంది, దారం ముందు లాగుతామా కాడ ముందు పట్టుకుంటామా, నాకే తెలీదు. ఇంటికెళ్ళి అద్దం ముందు కూర్చుని నా వేళ్ళు ఏం చేస్తున్నాయో చూసుకుని వచ్చేదాన్ని.

వరండాలో వెళ్ళేవాళ్ళంతా నవ్వేవాళ్ళు. ప్రిన్సిపాల్ గారు ఆగి, "ఏమిటండీ మాస్టారూ, ఆడవాళ్ళ పని," అన్నారు. మాస్టారు తలెత్తకుండానే, "పూర్ణా మార్కెట్‌లో దండలు కట్టీవోళ్ళంతా మీసాలున్నోళ్ళే కదండీ. ఆళ్ళ కాడ మీరు నవ్వరు. బేరం ఆడతారు," అన్నారు. ప్రిన్సిపాల్ గారు వెళ్ళాక నాతో, "ఎవులికి ఏది రాకూడదో ఊరంతా కలిసి నేర్పీస్తాది గోదారమ్మా. అది మన సిలబస్‌లో లేదు గానీ అందరికీ నూటికి నూరే," అన్నారు. ఒళ్ళో రాలిన మొగ్గలు ఏరుకుంటూ అన్నారు ఆ మాట.

ఎన్ని రోజులు గడిచాయో గానీ ఒకరోజు, చేతులు తిమ్మిరెక్కి, నోరు అలిసిపోయి, చెప్పడం మానేసి ఊరికే ఆయన్ని చూస్తూ కూర్చున్నాను. అప్పుడు కనబడింది. దారం చుట్టేటప్పుడు ఆయన ఎడం చెయ్యి ముందుకొస్తోంది. వచ్చి, మళ్ళీ వెనక్కి తగ్గుతోంది. అప్పుడు కుడి చెయ్యి బయల్దేరుతోంది, అయిష్టంగా.

"మాస్టారూ, మీది ఎడం చేతి వాటమా?"

ఆయన ముఖం వెలిగిపోయింది. "సిన్నప్పుడు మా అయ్యవారు బెత్తంతో కొట్టి కుడి సెయ్యికి మార్పించీసేడు. రాయడం మారింది గానీ సెయ్యి మారనేదు."

"మొదటి రోజే చెప్పొచ్చు కదండీ. నేను కుడి చెయ్యి కుడి చెయ్యి అని చంపేస్తుంటేనూ."

"ఏ గుంటైనా సెప్తాదేటి? టీచరు కుడి అంటే కుడే. తనకే రాదనుకుంటాది."

నాకు ఒళ్ళు మండిపోయింది. ఆ మంట చల్లారాక సిగ్గేసింది. చూడకుండా ఎన్ని రోజులు చెప్పానో. ఎదురుగా కూర్చున్నాను కదా, నన్ను అద్దంలో బొమ్మనుకుని చెయ్యమన్నాను. చేతుల మీంచి లేచి, నెమ్మదిగా, ఒక్కో కదలికా ఆపి ఆపి చేసి చూపించాను. ఆయన ఎడం చేత్తో చుట్టారు, మెలేశారు, లాగారు. ముడి నిలబడింది. దాని పక్కన ఇంకోటి వేశారు, అదీ నిలబడింది. అరవయ్యేళ్ళకి దగ్గరపడుతున్న మనిషి ఆ రెండు ముళ్ళూ పట్టుకుని స్టాఫ్ రూములో అందరికీ చూపించి వచ్చారు.

సరే, కిటుకు దొరికింది, ఇక క్లాసులో నోరు మూసుకుంటే చాలనుకున్నాను. మల్కాపురంలో తర్వాతి పాఠంలో ఒక ప్రశ్న అడిగి ఊరుకున్నాను. పిల్లలూ ఊరుకున్నారు. నేనూ ఊరుకున్నాను. ఫ్యాను చప్పుడు తప్ప ఏమీ లేదు. ఒకడికి నిద్ర పట్టేసింది. బెల్లు కొట్టేశారు. బయటికొచ్చి ఏడుస్తుంటే మాస్టారు తల రుద్దుకుని, "ఇది నా తప్పే. ఊరుకోమన్నాను గానీ, ఊరుకుని ఏటి సూడాలో సెప్పనేదు. ఊరికే నోరు మూసుకుంటే అది పాఠం కాదు, మౌనవ్రతం. గుంటలకి తగిలే పెస్న అడగాల. అడిగేక ఆళ్ళ మొకాలు సూడాల, నా సెయ్యి సూసినట్టు," అన్నారు. ఆయన తప్పు ఒప్పుకున్నాక నాకు కొంచెం ఊపిరాడింది.

ఫైనల్ లెసన్ రోజు రానే వచ్చింది. తొమ్మిదో తరగతి, వస్తువులు తేలడం, మునగడం. రాత్రంతా కూర్చుని గీసిన రంగుల చార్టు చుట్టచుట్టి బల్ల మీద పెట్టాను. ఒక బకెట్ నీళ్ళు, ఒక మేకు. ఎగ్జామినర్ ముందు వరస పక్కన కుర్చీలో కూర్చున్నాడు, పెన్ను టిక్కు టిక్కుమనిపిస్తూ. మాస్టారు వెనకాల ఎక్కడో పిల్లల మధ్య. 

మేకు నీళ్ళలో వేశాను. టంగుమని అడుక్కిపోయింది. "ఇంత చిన్న మేకు మునిగిపోయింది. మరి హార్బర్‌లో అంత పెద్ద ఇనప ఓడ ఎందుకు మునగదు?"

నిశ్శబ్దం. పెన్ను టిక్కు. ఎగ్జామినర్ వాచీ చూసుకున్నాడు. నోట్లో జవాబు తయారుగా ఉంది, పళ్ళు బిగించి లోపలే పట్టుకున్నాను. ఈ జవాబు చెప్పేస్తే మళ్ళీ పాత కథే, చెప్పకపోతే మొన్నటి మౌనవ్రతం. ఏదైనా పోయేది నా బతుకే. పిల్లల ముఖాలు చూశాను, ఒక్కొక్కరినీ. కిటికీ పక్క నూకరత్నం అని ఒక పిల్ల ఉండేది. వాళ్ళ నాన్న వేటకెళ్తాడు. ఏడాదంతా ఆ పిల్ల గొంతు ఎవరూ వినలేదు. దాని పెదాలు కదిలాయి. పక్కపిల్లని చూసి మళ్ళీ మూసుకుంది.

"నూకరత్నం, ఏదో అనుకుంటున్నావు."

"ఏటీ లేదు టీచరు."

నేను అక్కడే నిలబడ్డాను, దాన్నే చూస్తూ, కోపం లేకుండా. ఆ పిల్ల గోరు కొరికింది, బల్ల గీకింది. చివరికి, "ఓడ మునగతాది టీచరు. సిల్లడితే మునగతాది," అంది.

క్లాసంతా గొల్లున నవ్వింది. నా లెసన్ ప్లాన్‌లో ఆ మాట ఎక్కడా లేదు. నేను మాత్రం నవ్వలేదు. "నిజమే. చిల్లు పడితే ఎందుకు మునుగుతుంది?"

"నీలొచ్చీత్తాయి."

"నీళ్ళు రాకముందు అక్కడ ఏముంది?"

"ఏటుంటాది? కాళీ."

వెనక నుంచి ఒక కుర్రాడు లేచాడు. "మా తాత తెప్పకి సిల్లడినా మునగదు టీచరు."

"తెప్పకి సిల్లేటిరా," అంది నూకరత్నం, అటు తిరిగి. "దుంగలు కలిపి కట్టీడమే కదా. దానికి కాళీ ఎక్కడుంటాది?"

"కాళీ లేకపోతే మరెలగ తేలతాది? నువ్వే సెప్పు."

అంతే. నా చేతిలోంచి క్లాసు వెళ్ళిపోయింది. ఒకడు క్యారేజీ గిన్నె తెచ్చి బకెట్లో వదిలాడు, తేలింది. ఇంకో పిల్ల అందులో నీళ్ళు పోసింది, మునిగింది. చెక్క స్కేలు పడింది, చెప్పు పడబోతే ఆపాను. మధ్యలో నేను అడిగిందల్లా 'మరి ఇదెందుకు', 'అదెందుకు' అని. పిల్లలు బల్లలెక్కి వాదించుకుంటున్నారు. నూకరత్నం గొంతు అందరికంటే పైన ఉంది. ఎగ్జామినర్ లేచి నిలబడ్డాడు, బకెట్ కనబడక. బెల్లు కొట్టేశారు.

చూసుకుంటే బోర్డు మీద ఒక్క అక్షరం లేదు. చార్టు చుట్ట విప్పనే లేదు. పాఠం సగంలో ఉంది. అయిపోయింది నా పని అనుకుని వరండా మెట్ల మీద కూలబడ్డాను. లోపల స్టాఫ్ రూములో మాటలు వినబడుతున్నాయి గానీ అర్థం కావడం లేదు. ఇంటికెళ్ళి నాన్నగారికి ఏం చెప్పాలో మాటలు కూర్చుకోవడం మొదలుపెట్టాను.

మాస్టారు బయటికొచ్చారు. "పాసు," అన్నారు.

నాకు వినబడలేదు. "ఏంటండీ?"

"పాసయిపోనావమ్మా. ఒడ్డున పడ్డావు. ఆయనకి నచ్చనేదు. చార్టు ఇప్పనేదన్నాడు, పాఠం అవ్వనేదన్నాడు, గోలగోలగుందన్నాడు. ఆ గోలలో నీ గొంతెంతో గుంటల గొంతెంతో సెప్పండి బాబూ అన్నాను. పోయినేడాది ఈవిడికి ఏటని రాసేరో అది కూడా సూడమన్నాను. కూసేపు ఆలోసించి మార్కులేసీసేడు."

ఏడుపు ఆగలేదు. మెట్ల మీదే మోకాళ్ళలో తల పెట్టుకుని పిచ్చిదాన్లా ఏడ్చాను.  మాస్టారు కాస్త దూరంగా నిలబడి, "పాసయినోళ్ళు ఏడుత్తారేటి? ఫెయిలయినోళ్ళకేటి మిగుల్చుతావు?" అని గొణుక్కున్నారు. కానీ నా ఏడుపు అయ్యేదాకా కదల్లేదు.

ఇద్దరం గేటు దాకా వచ్చాం. వెనకాల పరుగు చప్పుడు. నూకరత్నం, దాంతో బల్లెక్కి వాదించిన కుర్రాడు, ఇంకో నలుగురు.

"టీచరు, ఇంతకీ ఓడెందుకు తేలతాదో సెప్పనేదు," అంది నూకరత్నం.

"రేపొచ్చి పూర్తి చేద్దాం."

"రారు టీచరు," అన్నాడు కుర్రాడు. కోపంగా కాదు, తెలిసిన సంగతి చెబుతున్నట్టు. "మీ బీఈడీవోళ్ళు పరీచ్చ అయిపోతే మరి రారు. పోయినేడు కప్ప పాఠం సెప్పినాయన కూడా రేపొత్తానని ఎల్లిపోనాడు."

నిజమే. ఫైనల్ లెసన్ అయిపోయాక ఆ స్కూలు మొహం చూసినవాళ్ళు మాలో ఎవరూ లేరు. మార్కులు పడ్డాక ఎవరొస్తారు. నేనింకేమన్నా వాళ్ళు నమ్మరు.

మాస్టారు ఆగారు. ఆ కుర్రాడి ఎత్తుకి వంగారు. "ఒత్తాది. నాను పూచీ."

"మీరెవులు?"

"ఆవిడ కాడ సదూకున్నోణ్ణి," అన్నారు మాస్టారు. "మద్దెలో వొదిలీదు."

మర్నాడు నేను వెళ్ళేసరికి పిల్లలు బకెట్‌లో నీళ్ళు పట్టి ఉంచారు.